ఒక విశేషణం బరువు

మా ఊళ్ళో తంతి వచ్చిందంటే ఏడుపు ముందు, చదవడం తరువాత. తెనాలికి ఎనిమిది మైళ్ళ దూరంలో కాలువగట్టున ఉన్న చిన్న ఊరు మాది. తంతి తెచ్చిన మనిషి సైకిలు దిగి ఏ గుమ్మం ముందు నిలుచుంటే ఆ ఇంట్లో ఆడవాళ్ళు గుండెలు బాదుకొనేవారు. ఆ మడతకాగితంలో ఏమున్నదో చెప్పగలవారు ఊరు మొత్తం మీద ముగ్గురే: బడి హెడ్మాస్టరుగారు, కరణంగారు, హైస్కూల్లో చదువుకొంటున్న నేను. పెద్దవారిద్దరూ ఊళ్ళో లేనప్పుడు నాకు కబురు వచ్చేది. పదమూడేళ్ళ వయస్సులో ఎందరి ఇళ్ళ ముంగిళ్ళలోనో నిలబడి, చుట్టూ చేరిన జనం నా ముఖంలోకి చూస్తూ ఉండగా, నాలుగైదు ఇంగ్లీషు మాటలు కూడబలుక్కొని చదివాను. వాటిలో తరచుగా ఎదురైన మాట ఒకటి ఉన్నది. 'సీరియస్'.

తంతికి మాటల లెక్కన డబ్బు. పల్లెటూరి తెలుగువాడు తన లిపిలో పంపుకొనే వీలు లేదు. ఇంగ్లీషులోనే రాసి ఇచ్చేవారు. అందుచేత తెలుగువారేమిటి, తమిళులేమిటి, బెంగాలీలేమిటి, దేశమంతా కూడబలుక్కొన్నట్లుగా ఒకే వాక్యం పంపేది: 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' నాలుగు మాటలు. తండ్రికి ఏమయినదో అందులో లేదు, ఎప్పటినుంచో లేదు, ఏ ఆసుపత్రిలో ఉన్నాడో లేదు. ఉన్న బరువంతా ఆ ఒక్క విశేషణం మోయవలసిందే.

తరువాత నేను ఇంగ్లీషు పంతులునయ్యాను. ఢిల్లీలో, తెలుగు పిల్లలు ఎక్కువగా చదువుకొనే ఒక పాఠశాలలో ముప్పైరెండేళ్ళు పనిచేశాను. సమానార్థక పదాల పాఠం వచ్చినప్పుడు నేను ఎంచుకొనే మాట ఎప్పుడూ ఇదే. దానికి కారణం పిల్లలు రాసే ఒక వాక్యం. ఏటేటా ఎవరో ఒకరు వ్యాసంలో 'నాన్న నా మీద సీరియస్ అయ్యాడు' అన్న భావాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి దించేవారు. నేను దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, ఆ కుర్రవాణ్ణి లేపి అడిగేవాణ్ణి: "మీ నాన్నగారికి కోపం వచ్చిందా, జబ్బు చేసిందా?" తరగతి అంతా నవ్వేది.

నవ్వు తరువాత పాఠం. 'సీరియస్' లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా పదిహేనవ శతాబ్దంలో ఇంగ్లీషు చేరిన మాట. లాటిన్‌వారికి అది పరిహాసానికి ఎదురుమాట. నవ్వులాటగా తీసివేయడానికి వీలులేనిది ఏదో అది. ఇంగ్లీషులో దానికి చుట్టాలు చాలామంది. 'గ్రేవ్' అన్నది బరువునుంచి వచ్చినది. మన 'గురు' శబ్దమూ అదీ ఒకే మూలంనుంచి చీలిన కొమ్మలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కనుక గురువంటే బరువైనవాడని చెప్పి, అప్పటికే కొంచెం పెరుగుతున్న నా బొజ్జను నేనే నిమురుకొని మళ్ళీ నవ్వించేవాణ్ణి. సమాధి అనే అర్థం గల 'గ్రేవ్' మాత్రం వేరు. అది తవ్వడానికి సంబంధించిన పాత ఇంగ్లీషు మాట. రెండింటికీ పోలిక అక్షరాలలోనే గాని రక్తంలో లేదు. 'సాలెమ్' పూజాక్రతువులనుంచి వచ్చినది. మన రాజ్యాంగ పీఠికలో ఆ మాట ఉన్నది, తెలుగులో దానికి సత్యనిష్ఠ అన్నారు. 'సోబర్' అంటే మొదట మద్యం మత్తులో లేనివాడు. 'ఎర్నెస్ట్' జర్మనిక్ కుటుంబంలోని మాట. మనసు పెట్టి, నిజాయితీగా పనిచేసేవాడని అర్థం. ఆస్కార్ వైల్డ్ 1895లో రంగస్థలం ఎక్కించిన నాటకమంతా ఆ మాటకూ, అదే ఉచ్చారణ గల మనిషి పేరుకూ మధ్య ఉన్న శ్లేష మీద నడిచింది. ఇక 'క్రిటికల్' గ్రీకువారిది. తీర్పు చెప్పడం అన్న ధాతువునుంచి వచ్చినది. రోగం అటో ఇటో తేలే ఘడియను వారి వైద్యులు ఆ మాటతో చెప్పేవారు.

గాయం సీరియస్ కావచ్చు, గ్రేవ్ కావచ్చు, ఎర్నెస్ట్ కాదు. ప్రమాణం సాలెమ్ కావచ్చు, క్రిటికల్ కాదు. సమానార్థకాలని మనం పిలిచేవి పక్కపక్క వాటాల వంటివి, గోడ ఒకటే గాని గుమ్మాలు వేరు అని చెప్పి, ఖాళీలు పూరించే అభ్యాసం ఇచ్చేవాణ్ణి. 1852లో మాటలను భావాలవారీగా పేర్చి ప్రసిద్ధమైన కోశం అచ్చువేసిన పీటర్ మార్క్ రోజెట్ వృత్తిరీత్యా వైద్యుడన్న సంగతి కూడా చెప్పేవాణ్ణి. ఇది పరీక్షలో రాదని పిల్లలకు తెలుసు, వినేవారు కారు.

తెలుగులో ఈ భావానికి మనకు ఎన్ని దారులున్నాయో చూడండి. ఇంగ్లీషువాడు బరువుతో కొలిచినదానిని మనం లోతుతో కొలుస్తాము: గంభీరం అంటే లోతైనది. అందుకే నదీ గంభీరమే, మనిషీ గంభీరుడే. రోగికి వచ్చేసరికి 'విషమం' అంటాము. సమం కానిది విషమం, ఎగుడుదిగుడు నేల. రోగం విషమించిందంటే అంతవరకు చదునుగా నడిచిన దారి ఇక కాలు నిలవనిదయిందన్నమాట. పల్లెల్లో అయితే ఇంత సంస్కృతం అక్కరలేదు, 'ప్రాణం మీదికి వచ్చింది' అంటారు. ఇన్ని ఉండి కూడా మనం 'సీరియస్'ను తెచ్చి ఇంట్లో పెట్టుకొన్నాము. కుర్రవాడు సీరియస్‌గా చదువుతున్నాడంటే శ్రద్ధ. ఆఫీసరు సీరియస్ అయ్యాడంటే కోపం. సీరియస్‌గా తీసుకోకు అంటే పరిహాసం. పెళ్ళి సంబంధం సీరియస్‌గా నడుస్తోందంటే రేపో మాపో తాంబూలాలు. ఊరికే సీరియస్‌గా ఉందన్నారంటే, ఆ మనిషి మంచంలో ఉన్నట్లు.

ఈ చివరిది ఇంగ్లీషువాడికి అర్థం కాదు. వాడి దృష్టిలో రోగం సీరియస్ కావచ్చు, గాయం కావచ్చు, మనిషి కాడు. మనిషి సీరియస్ అంటే ఆ మనిషి వేళాకోళం ఆడటం లేదని అర్థం. పాఠం చివర నేను ఒక హాస్యోక్తి దాచి ఉంచేవాణ్ణి. మన తంతి లండన్‌లో ఒక దొరకు చేరితే, 'మీ నాన్న వేళాకోళం ఆడటం లేదు, వెంటనే బయలుదేరు' అని చదువుకొంటాడని. గంట కొట్టే వేళకు ఆ నవ్వుతో పిల్లలు బయటికి పరుగెత్తేవారు. అది నాకు గర్వంగా ఉండేది.

1971లో మా తాతగారి విషయమై నాకు తంతి వచ్చింది. 'గ్రాండ్‌ఫాదర్ సీరియస్.' ఆ రాత్రే జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషను లేకుండా ఎక్కి, తలుపు దగ్గర పెట్టె మీద కూర్చుని, విజయవాడ దాకా దేవుళ్ళందరికీ మొక్కుకొంటూ వెళ్ళాను. ఇల్లు చేరేసరికి అస్థిసంచయనం కూడా అయిపోయింది. తంతి రాయించడానికి ముందే ఆయన పోయారు. మా మేనమామ నన్ను పక్కకు తీసికొని వెళ్ళి, "పోయాడని రాస్తే దారిలో నువ్వేమైపోతావోనని అలా రాయించానురా. తంతిలో సీరియస్ అంటే అంతే. పెద్దవాళ్ళందరికీ తెలుసు, నీకే తెలియలేదు" అన్నాడు. ఆయన మాటలో ప్రేమ ఉన్నది, కొంచెం ఎగతాళి కూడా ఉన్నది. ఇంత ఇంగ్లీషు చదివి ఇదేనా తెలిసినదని.

తరువాత విచారించగా అది మా ఊరి ఆచారం మాత్రమే కాదని తెలిసింది. నా సహోపాధ్యాయులలో ఒక కేరళీయుడు, ఒక పంజాబీ కూడా అదే చెప్పారు. చావును చావు అని రాయడం అశుభం. దూరాన ఒంటరిగా ఉన్నవాడికి ఒక్కసారిగా ఆ దెబ్బ తగలకూడదు. ప్రయాణమంతా ఒక ఆశ మిగిలి ఉండాలి. ఇందరు ఇంత దయతో వాడగా వాడగా ఆ మాటకు నిఘంటువులో లేని అర్థం ఒకటి స్థిరపడింది. ఆ అర్థాన్ని నేను నా శబ్దకోశం మార్జినులో పెన్సిలుతో రాసి పెట్టుకొన్నాను కూడా.

1979 మార్చిలో ఒక మంగళవారం. పరీక్షల రోజులు. పదకొండు గంటల వేళ తంతి స్కూలుకే వచ్చింది. 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' కింద మా తమ్ముడి పేరు.

నేను ఏడవలేదు. స్టాఫ్ రూములో కుర్చీలో కూర్చుని లెక్క వేసికొన్నాను. తంతి నిన్న సాయంత్రం ఇచ్చి ఉంటారు. నేను ఈ రాత్రి బయలుదేరినా ఇల్లు చేరేది గురువారం తెల్లవారుజామున. మార్చి ఎండల్లో అంతసేపు ఉంచరు. తమ్ముడు ఉన్నాడు, వాడే తల కొరివి పెట్టి ఉంటాడు. ఇక నేను వెళ్ళవలసినది పదోరోజుకూ, పన్నెండోరోజుకూ. అంటే డబ్బు కావాలి, సెలవు కావాలి, భార్యాపిల్లలను తీసికొని వెళ్ళాలి, దిద్దుతున్న జవాబుపత్రాలు ఎవరికో అప్పగించాలి. ఇంత తర్కం ఎంత నిబ్బరంగా చేశానో తలచుకొంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. నెల క్రితం నాన్నగారు వేసవికి వస్తావా అని రాసిన కార్డుకు నేను జవాబు రాయలేదు. పోయినవారికి జవాబు రాయనక్కరలేదన్న తేలిక కూడా ఆ నిబ్బరంలో ఎక్కడో ఉన్నదేమో.

ఇంటికి వెళ్ళి చెబితే నా భార్య, "ఏమండీ, మీరు ఈ రాత్రికే వెళ్ళండి. పిల్లలతో నేను వెనకాల వస్తాను" అన్నది.

"తంతిలో సీరియస్ అంటే అయిపోయిందని అర్థం. నీకు తెలియదు" అన్నాను. ఎనిమిదేళ్ళ క్రితం మా మేనమామ నాతో అన్న మాటే.

"రాసింది అది కాదుగా" అన్నది ఆమె. ఆమె ఇంగ్లీషు ఎస్.ఎస్.ఎల్.సి. వరకే.

మేము బుధవారం సాయంత్రం జి.టి. ఎక్కాము. గురువారం మధ్యాహ్నం నాగపూరు స్టేషనులో ఎదుటి బల్ల మీది పెద్దమనిషి పిల్లలకు నారింజపండ్లు కొనిపెట్టి, నన్నూ తీసికొమ్మన్నాడు. నేను వద్దన్నాను. ఏం, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

"మా నాన్నగారు పోయారు" అన్నాను.

ఆ వేళకు మా నాన్నగారు మంచం మీద దిండుకు ఆనుకొని, రెండు చెంచాల మజ్జిగ తాగి, ఢిల్లీ బండి ఎన్నింటికి వస్తుందని తమ్ముణ్ణి అడుగుతున్నారు.

శుక్రవారం తెల్లవారుజామున మేము వీధి మలుపు తిరిగేసరికి మా అరుగు మీద జనం, తలవైపున దీపం కనిపించాయి. మూడురోజుల క్రితమే పోయిన మనిషికి ఇంకా దీపమేమిటని నా బుద్ధికి ఒక్క క్షణం తోచలేదు. తమ్ముడు ఎదురు వచ్చి నా చేతిలోని పెట్టె అందుకొన్నాడు. "నిన్న పొద్దుగూకిందాకా నీకోసం చూశాడు అన్నయ్యా. నిన్న ఉదయం వస్తావనుకొన్నాం. రాత్రంతా నీకోసమే ఉంచాం" అన్నాడు.

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉన్నది. "తంతిలో సీరియస్ అని రాశావు గదరా" అన్నాను.

వాడు నన్ను అర్థంకానట్లు చూశాడు. "సీరియస్‌గానే ఉన్నాడు కదన్నయ్యా."

కర్మలన్నీ ముగిసిన తరువాత ఒక రాత్రి వాడే చెప్పాడు. సోమవారం సాయంత్రం డాక్టరు చూసి, గుండె బలహీనంగా ఉన్నది, రెండుమూడు రోజులు దాటితే చెప్పగలను అన్నాడట. తమ్ముడు సైకిలు మీద తపాలా కచేరీకి వెళ్ళి, ఏమని రాయాలని పోస్టుమాస్టరును అడిగాడు. ఆయన అందరూ రాసేదే రాయమన్నాడు. తమ్ముడికి తృప్తి కలగలేదు. 'మా అన్నయ్య ఇంగ్లీషు మాస్టారండీ, మాట సరిగ్గా ఉండాలి' అని, అక్కడినుంచి హైస్కూలు హెడ్మాస్టరుగారి ఇంటికి వెళ్ళి, నిఘంటువు తెరిపించి, ఆ మాటకు ప్రాణం పోయిందనే అర్థం లేదని రూఢి చేసికొని, మళ్ళీ కచేరీకి వచ్చి తంతి ఇచ్చాడు. ఏడో తరగతితో చదువు మాని నాగలి పట్టినవాడు. నాకోసం మాటను తూచి పంపాడు.

ఇది వాడు నిష్ఠూరంగా చెప్పలేదు. నేను ఎందుకు ఆలస్యం చేశానని ఏనాడూ అడగలేదు. టిక్కెట్లు దొరకలేదనుకొన్నట్లున్నాడు. నేనూ సరిదిద్దలేదు.

జూలైలో బడులు తెరిచిన తరువాత సమానార్థకాల పాఠం మళ్ళీ వచ్చింది. 'సీరియస్' బదులు 'బ్యూటిఫుల్' తీసికొన్నాను. దానికీ పది పన్నెండు చుట్టాలున్నాయి, పాఠం బాగానే నడుస్తుంది. లండన్ దొర హాస్యోక్తి మళ్ళీ చెప్పలేదు. పై తరగతి పిల్లలలో ఒకడు అన్నల దగ్గర విన్నాడు కాబోలు, 'సార్, ఆ తంతి జోకు చెప్పండి' అని అడిగాడు. మరచిపోయానన్నాను. వ్యాసాలలో 'నాన్న సీరియస్ అయ్యాడు' వచ్చినప్పుడు మాత్రం పైన సరైన మాట రాసి ఊరుకొనేవాణ్ణి. లేపి అడగడం మానేశాను.

మన దేశంలో మొదటి తంతి తీగ 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ల మధ్య ప్రయోగంగా వేశారు. 2013 జూలై నెల మధ్యలో తంతి సేవ మూతపడింది. ఆఖరిరోజున జ్ఞాపకార్థం తంతులు పంపుకోవడానికి జనం బారులు తీరారని పత్రికలలో చదివాను. అప్పటికి నేను ఉద్యోగం విరమించి హైదరాబాదులో స్థిరపడ్డాను. ఆనాటి కాగితం నా శబ్దకోశంలో 'ఎస్' అక్షరం దగ్గరే ఉన్నది. మార్జినులోని పెన్సిలు రాతను చాలాకాలం క్రితం చెరిపివేశాను గాని, గట్టిగా ఒత్తి రాసి ఉంటానేమో, వెలుగుకు ఏటవాలుగా పెడితే ఇప్పటికీ కనబడుతుంది.

తమ్ముడి కూతురు అమెరికాలో నర్సు. అక్కడి ఆసుపత్రులు రోగి స్థితిని బయటివారికి చెప్పేటప్పుడు వివరాలు చెప్పక ఒక్క మాటతో సరిపెడతాయట: 'గుడ్', 'ఫెయిర్', 'సీరియస్', 'క్రిటికల్'. ఒకదాని కింద ఒకటి మెట్లు. 'సీరియస్' అంటే చివరిమెట్టుకు ఒక మెట్టు పైన. ఆ పిల్ల మాటల సందర్భంలో ఈ సంగతి చెప్పి మరో విషయంలోకి వెళ్ళిపోయింది. తమ్ముడు 1979లో రాసినది సరిగ్గా ఆ మెట్టే. నేను చదువుకొన్నది వారి పట్టికలోనే లేని మెట్టు.

2016 డిసెంబరులో నా భార్యకు న్యుమోనియా వచ్చింది. మూడోరోజున ఊపిరి అందక ఐ.సి.యు.లో పెట్టారు. రాత్రి ఎనిమిది గంటలకు వరండాలో నిలబడి తమ్ముడికి ఫోను చేశాను. వాడికి అప్పటికి అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. "వదినకు ఎలా ఉంది?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాట అదే. ఆపుకొన్నాను. ఎన్ని డిగ్రీల జ్వరం, రక్తంలో ప్రాణవాయువు ఎంత, డాక్టరు ఎప్పుడు వచ్చి ఏమన్నాడు, ఇంకా యంత్రం పెట్టలేదు, రేపు ఉదయం దాకా చూద్దామన్నారు, స్పృహలోనే ఉన్నది, నన్ను గుర్తుపడుతున్నది: ఇవన్నీ వరుసగా చెప్పాను. మొత్తం అయిదు నిమిషాలు పట్టింది. తంతి అయితే ఎంత ఖర్చయ్యేదో.

అవతల కొంచెంసేపు మాట లేదు. "సరే అన్నయ్యా" అని పెట్టేశాడు.

తెల్లవారి అయిదున్నరకు ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆగింది. చేతిసంచీతో, మఫ్లరు చుట్టుకొని తమ్ముడు దిగాడు. చూడటానికి ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. నేను కూర్చుని వాణ్ణి పంపించాను. తలుపుకున్న అద్దంలోనుంచి చూస్తున్నాను. నా భార్య కళ్ళు తెరిచి, వాణ్ణి పోల్చుకొని, ముఖం మీది ఆక్సిజన్ మాస్కు ఒక చేత్తో కొంచెం పైకి ఎత్తి ఏదో అడిగింది. వాడు వంగి జవాబు చెప్పాడు. బయటికి వచ్చాక ఏమడిగిందన్నాను.

"ఎప్పుడు బయలుదేరావయ్యా అని అడిగింది" అన్నాడు. "నీ ఫోను పెట్టేసిన వెంటనే అని చెప్పాను."